పైనుంచి దిగే లిట్టర్ బాక్స్: నాలుగేళ్ల తర్వాత

ఈ లిట్టర్ బాక్స్ (ఇంట్లో పిల్లి మలమూత్రాలకి వాడే డబ్బా, లోపల లిట్టర్ అనే పీల్చుకునే గింజలు పోస్తాం) గురించి రాద్దామని కూర్చుంటే ముందు గుర్తొచ్చేది దాని మూత. రంగు, బరువు, ఎంత లిట్టర్ పడుతుంది లాంటివి అట్టపెట్టె మీదే ఉంటాయి, అవి వదిలేస్తున్నాను. నాలుగేళ్లలో డబ్బా మీద నా అభిప్రాయం చాలా మారింది కానీ మూత మీద ఇష్టం మాత్రం అలాగే ఉంది.

మా పిల్లి పేరు మబ్బు. బూడిద రంగు మగపిల్లి, ఒళ్లంతా పొడుగు బొచ్చు, వేళ్ల సందుల్లో కూడా కుచ్చులు. అంతకుముందు మామూలు తెరిచిన ట్రే వాడేవాళ్లం. పొద్దున్నే మంచం దిగితే అరికాలికి లిట్టర్ గింజలు గుచ్చుకునేవి. దుప్పటి దులిపితే రాలేవి, ఉతికిన బట్టలు మడతపెడుతుంటే వాటిలోనూ కనిపించేవి. రోజుకి మూడుసార్లు ఊడ్చినా తెమిలేది కాదు. అప్పట్లో అక్క కడుపుతో ఉండి కొన్ని నెలలు మాతోనే ఉంది. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చని, బయటపడ్డాక 1 నుంచి 5 రోజుల్లో అది అంటుకునే దశకు వస్తుందని, అందుకే ట్రే ఏ రోజుకారోజు శుభ్రం చేయాలని, గర్భిణులు ఆ పని ముట్టుకోకూడదని డాక్టర్లు చెప్తారు. ట్రే శుభ్రం చేసేది ఎలాగూ నేనే. మరి వాడి కాళ్లతో పాటు పక్క మీదికి వచ్చే గింజల సంగతేంటి? ఆ టెన్షన్‌లోనే ఈ డబ్బా కొన్నాను.

కొనేముందు ఒకరోజు మబ్బుని ఒళ్లో పడుకోబెట్టుకుని వాడి కాలు పరీక్షగా చూశాను. పాదాన్ని మెల్లగా నొక్కితే వేళ్లు విచ్చుకుంటాయి. ఒక్క వెనక కాల్లోనే 14 గింజలు లెక్కపెట్టాను. పెద్ద గింజ ఒక్కటీ లేదు, అన్నీ ఆవగింజలో సగం కూడా లేనివే. కొన్ని బొచ్చు కుచ్చుల్లో చిక్కుకున్నాయి, మిగతావి మెత్తలకే అతుక్కుని ఉన్నాయి. పిల్లులకి పాదాల మెత్తల్లో చెమట పడుతుంది. మేము వాడేదేమో గడ్డకట్టే బెంటొనైట్ మట్టి. తడి తగలగానే పీల్చుకుని, ఉబ్బి, జిగురు పట్టడం దాని గుణం. ఉచ్చని ఉండ కట్టించేదీ ఆ గుణమే, పాదానికి అంటుకునేలా చేసేదీ ఆ గుణమే. కాబట్టి లిట్టర్ మార్చకుండా ఇల్లు శుభ్రంగా ఉండాలంటే, పాదానికి అంటిన గింజని అది గది దాటేలోపే రాల్చాలి.

ఈ మూత చేసేది ఆ పనే. డబ్బాకి పక్కన ద్వారం ఉండదు, మూతలోనే ఒక గుండ్రటి కన్నం. పిల్లి అందులోంచి లోపలికి దిగి, పని ముగించుకుని, అందులోంచే పైకి వస్తుంది. కన్నం చుట్టూ మిగిలిన మూతంతా పొడవాటి సన్న చీలికలు. వాడు పైకొచ్చి ఆ చీలికల మీద నిలబడగానే పట్టు కోసం వేళ్లు విప్పుతాడు. నేను ఒళ్లో పెట్టుకుని నొక్కితే విచ్చుకున్నట్టే, వాటంతట అవే విచ్చుకుంటాయి. గింజలు టపటపా రాలి చీలికల్లోంచి మళ్లీ డబ్బాలోనే పడతాయి. మొదటిరోజు రాత్రి పక్కగదిలో పడుకుని ఆ చప్పుడు విన్నాను. రాలిన ఒక్కో గింజా నేను పొద్దున ఊడవక్కర్లేని గింజ అనిపించి ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

తెరిచిన ట్రే ఉన్నప్పుడు రోజుకి పిడికెడు ఎత్తేదాన్ని. ఇది వచ్చాక రెండు రోజులకి కలిపి ఒక చెంచా. గోడలు ఎత్తు కాబట్టి వాడు వెనక కాళ్లతో ఎంత చిమ్మినా బయటికి రాదు. రెండు నెలలు తిరక్కుండానే పిల్లి ఉన్న ప్రతివాళ్లకీ కళ్లు మూసుకుని ఇదే కొనమని చెప్పేశాను.

ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. పిల్లి మూత మీద ఆగితేనే మూత పనిచేస్తుంది. మలవిసర్జన అయిన వెంటనే మబ్బుకి ఎక్కడలేని హుషారు వస్తుంది, కన్నంలోంచి బాణంలా వచ్చి మూత మీద కాలు ఆన్చీ ఆన్చకుండా దూకేస్తాడు. అలాంటప్పుడు గింజలన్నీ మీటరు అవతల, వాడు నేల మీద పడినచోట ఉంటాయి. అక్కడొక గరుకు మ్యాట్ వేయక తప్పలేదు. పైగా వారం తిరిగేసరికి చీలికలు బొచ్చుతో, మట్టి పొడితో పూడుకుపోతాయి. మూత కడిగితే పూర్తిగా ఆరనివ్వాలి, లేకపోతే కొత్త పొడి అంటుకుని ముద్ద కడుతుంది. కింద రాలినదాన్ని కూడా ముందు పొడిగా ఊడ్చాకే తడిగుడ్డ పెట్టాలి. మొదట్లో అది తెలియక తుడిచేదాన్ని, నేలంతా బూడిద రంగు బంక. ఇవన్నీ నాకు పెద్ద విషయాలు కావు, మూడేళ్లకు పైగా సంతోషంగానే వాడాను.

తర్వాత ఒకరోజు పొద్దున బాత్రూమ్ ముందున్న కాలిపట్ట తడిగా ఉంది. నీళ్లేమో అనుకున్నాను, వాసన చూస్తే తెలిసిపోయింది. డబ్బా శుభ్రంగానే ఉంది. ముందురోజు రాత్రి ఇంటికి ఆలస్యంగా వచ్చాం కదా, ఆ కోపమేమో అనుకుని కాలిపట్ట ఉతికి ఆరేశాను. మర్నాడు మళ్లీ అదే. ఈసారి వాడిని వదలకుండా గమనించాను. డబ్బా దగ్గరికి వచ్చాడు. ముందు కాళ్లు రెండూ మూత మీద ఆన్చి కన్నంలోకి చూశాడు. అలా కాసేపు నిలబడి, కాళ్లు తీసేసి, నెమ్మదిగా బాత్రూమ్ వైపు నడిచాడు.

మగపిల్లికి మూత్రం దారి మూసుకుపోతే ఆలస్యం చేసిన ఒక్కరోజు కూడా ప్రాణం మీదికి తెస్తుంది. ముక్కుతూ కూర్చున్నా చుక్క రాకపోతే అర్ధరాత్రయినా పరుగెత్తాల్సిందే. మబ్బుకి వస్తోంది, నేను చూశాను. అయినా మనసు ఒప్పక ఆ సాయంత్రమే తీసుకెళ్లాను. డాక్టరు గారు పొట్ట తడిమి, మూత్రం పరీక్ష చేయించి, అంతా బాగానే ఉందన్నారు. తర్వాత, "లిట్టర్ బాక్స్ ఎలాంటిదమ్మా?" అని అడిగారు. పైనుంచి దిగేదండీ అని ఫోన్‌లో ఫొటో చూపించాను. ఆయన వాడి వెనక కాళ్లు ఒక్కొక్కటే వెనక్కి చాపి చూశారు. రెండోదానికి వాడు బుస్సుమన్నాడు. ఎక్స్‌రేలో తుంటి కీళ్లు అరిగినట్టు తేలింది. అప్పటికి వాడికి 11 ఏళ్లు.

"డబ్బా ఎత్తెంత?" అని అడిగితే చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి కొలిచాను, 40 సెంటీమీటర్లు. అసలు ఇబ్బంది బయట ఎత్తుతో కాదని ఆ రాత్రి డబ్బాలోకి తొంగిచూస్తుంటే అర్థమైంది. ఎక్కేటప్పుడు గట్టి నేల, రెండడుగులు వెనక్కి వేసి ఊపు తెచ్చుకునే చోటు ఉంటుంది. లోపల ఆ వీల్లేదు. కాలి కింద జారిపోయే మట్టిలో, ఉన్నచోటే ముడుచుకుని నిలువుగా ఎగరాలి. ఆ భారమంతా వెనక కాళ్ల మీదే. రోజుకి నాలుగైదుసార్లు వాడు ఆ పని చేస్తూ వచ్చాడు. కిటికీ గట్టు మీదికి నేరుగా దూకడం మానేసి, ముందు కుర్చీ ఎక్కి ఆ తర్వాత గట్టెక్కడం నేను ఎన్నో నెలలుగా చూస్తూనే ఉన్నాను. వయసు మీద పడి నెమ్మదించాడులే అనుకున్నాను. కీళ్లు నొప్పి పుడితే పిల్లి కుంటాలనేం లేదు, దూకడం తగ్గిస్తుంది, అంతే. ఇది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

డాక్టరు గారు నొప్పికి మందు రాశారు. ఇంట్లో ముందు డబ్బా పక్కన ఒక చిన్న పీట వేశాను. ఎక్కడం తేలికైంది కానీ లోపలినుంచి రావడం తేలిక కాలేదు. నాలుగు రోజులకి పీట తీసేసి పాత ట్రే పెట్టాను. కాలిపట్ట మీద పోయడం ఆ రోజే ఆగిపోయింది. పిడికెడు గింజలు మాత్రం మళ్లీ మొదలు.

అప్పుడే ఆ మూతని తీసి చేత్తో పట్టుకుని చాలాసేపు ఆలోచించాను. ఇన్నాళ్లూ నేను పొగిడింది రెండు పనుల్ని. ఎత్తు గోడ చిమ్మిన గింజని ఆపింది, చీలికలు కాలి గింజని రాల్చాయి. ఈ రెండింటికీ పిల్లి నిలువుగా ఎగరాల్సిన అవసరమే లేదు.

సామాన్లు పెట్టుకునే పెద్ద ప్లాస్టిక్ తొట్టి ఒకటి తెచ్చాను. లిట్టర్ బాక్స్ పిల్లి పొడవుకి ఒకటిన్నర రెట్లు ఉండాలంటారు, ముక్కు నుంచి తోక మొదలు వరకు కొలవాలి. మబ్బు 46 సెంటీమీటర్లు, తొట్టి 70. మూడువైపులా 35 సెంటీమీటర్ల గోడ అలాగే ఉంచి, ఒక వెడల్పు పక్కన కిందినుంచి 10 సెంటీమీటర్లు మాత్రం వదిలి ద్వారం కోశాను. కోసిన అంచు గీసుకోకుండా నీళ్ల గొట్టం ముక్కని నిలువునా చీల్చి తొడిగాను. లిట్టర్ రెండున్నర అంగుళాలు. ద్వారం ముందు లోతు తక్కువ ట్రే పెట్టి, దాని మీద మన పాత మూత పరిచాను. మధ్యలో ఉన్న గుండ్రటి కన్నాన్ని చీలికలున్న ప్లాస్టిక్ జల్లెడతో మూసి కట్టాను.

మొదటి వారం అది దండగైంది. కీళ్ల నొప్పి ఉన్నవాడు కూడా 50 సెంటీమీటర్ల మూతని ఒకే అంగలో దాటేశాడు. ముందుకి సాగడం వాడికి కష్టం కాదు, పైకి లేవడమే కష్టం. అప్పుడు ట్రేని తిప్పి, ద్వారంలోంచి రాగానే ఎదురుగా గోడ వచ్చేలా, పక్కకి మళ్లి నడిచేలా పెట్టాను. మలుపు దగ్గర వాడు దూకడు. వచ్చి, ఆగి, తిరిగి, మూత పొడవునా నాలుగడుగులు వేస్తాడు. అడుగడుక్కీ వేళ్లు విచ్చుకుంటాయి. ఇప్పుడు రెండు రోజులకి చెంచాన్నర వస్తోంది, పాత లెక్క కన్నా అరచెంచా ఎక్కువ. వాడి తుంటి ముందు ఆ అరచెంచా ఒక లెక్క కాదు.

ఇంకో విషయం కూడా ఒప్పుకోవాలి. వేళ్ల సందుల్లో కుచ్చుల్ని మొన గుండ్రంగా ఉన్న చిన్న కత్తెరతో మెత్తల మట్టానికి కత్తిరించడం నేను రెండో ఏడాదిలోనే మొదలుపెట్టాను. ఈ మధ్య రెండు నెలలు కుదరక మానేస్తే చెంచాన్నర కాస్తా మూడు చెంచాలైంది. అంటే మూతకి నేను ఇచ్చిన గొప్పలో కొంత ఆ కత్తెరకి దక్కాల్సింది. లిట్టర్ మార్చి కూడా చూశాను. చెక్కపొట్టు గుళికలు లావుగా ఉంటాయి, కాలికి అంటుకోవు, కానీ తడిస్తే రంపపు పొట్టయిపోతాయి, పైగా మబ్బు వాటి మీద నిలబడనే లేదు. సిలికా పలుకుల మీద నడిచి ప్రతి అడుక్కీ కాలు విదిలించాడు. చివరికి మళ్లీ వాసన కలపని మట్టికే వచ్చాం, కాస్త గింజ లావుగా ఉన్న రకానికి.

ఇక కొనొచ్చా అంటే, నా పరిస్థితి చెప్తాను, దాన్నిబట్టి చూసుకోండి. మాది ఒకే పిల్లి, పూటకోసారి లిట్టర్ తీస్తాను, ఇల్లు చిన్నది. మబ్బు మూడేళ్ల వయసులో ఉండి ఉంటే నేను ఇదే డబ్బా కొనేదాన్ని. ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లి అయితే, బరువున్నదైతే, కాళ్లు పొట్టివైతే, ఇంకా పిల్లకూన అయితే కొనొద్దనే అంటాను. రెండు మూడు పిల్లులుండి ఒకటి ఇంకొకదాన్ని తరిమే ఇల్లయితే, ఒకే దారి ఉన్న డబ్బా కానీ నేను కట్టిన మలుపు కానీ వద్దు, లోపలున్నదానికి తప్పించుకునే దారి ఉండదు. కొనేవాళ్లు టేపుతో బయటి ఎత్తు కొలిచి ఊరుకోకండి, లోపల లిట్టర్ పైభాగం నుంచి కన్నం అంచు వరకు కూడా కొలవండి.

నాలుగేళ్లు నడిచీ నడిచీ మా మూతకి ఒక మూల సన్నగా బీట వచ్చింది. ప్రస్తుతానికి అడుగున టేపు అంటించాను. మూత విడిగా అమ్ముతారా అని అడిగితే లేదన్నారు. అది విరిగిన రోజున డబ్బా మొత్తం మళ్లీ కొంటాను, ఆ మూత కోసం.