నోయిలీ ప్రాట్ ఒరిజినల్ డ్రై: ఇంట్లో మార్టినీకి ఈ వెర్మూత్ ఎంత పనికొస్తుంది?

మార్టినీ అంటే జిన్‌లో కాస్త వెర్మూత్, అంటే మూలికలూ దినుసులూ నానబెట్టిన వైన్, కలిపిన కాక్‌టెయిల్. ఇంట్లో కలిపిన మార్టినీ బాగా రాకపోతే చాలామంది జిన్ మారుస్తారు. లోపం ఎక్కువసార్లు వెర్మూత్‌లో ఉంటుంది. నెలల తరబడి అల్మరాలో నిలబడి పాడైన సీసా అది. రుచి బాగాలేదని రెండు చుక్కలకు తగ్గిస్తారు, చివరికి గ్లాసులో చల్లటి జిన్ ఒక్కటే మిగులుతుంది. వెర్మూత్ కనబడేలా మార్టినీ కలపాలనుకునేవాళ్ళకి నోయిలీ ప్రాట్ ఒరిజినల్ డ్రై మా దృష్టిలో మొదటి ఎంపిక. అయితే ఇది అన్ని జిన్‌లకూ నప్పదు.

దీని వెనక ఉన్న రెసిపీ 1813 నాటిది, జోసెఫ్ నోయిలీది. నోయిలీ ప్రాట్ అన్న కంపెనీ పేరు 1855లో వచ్చింది. తయారీ దక్షిణ ఫ్రాన్స్‌లో, సముద్రాన్ని ఆనుకున్న మార్సెయాన్ ఊళ్ళో. పిక్‌పుల్, క్లైరెట్ ద్రాక్షలతో చేసిన తెల్ల వైన్‌ని ఓక్ పీపాల్లో పోసి ఏడాది పాటు ఆరుబయట ఎండకీ గాలికీ చలికీ వదిలేస్తారు. మిగతా డ్రై (తీపి తక్కువున్న) వెర్మూత్‌లతో దీనికున్న తేడా అక్కడే మొదలవుతుంది. ఆ ఏడాదిలో వైన్‌కి లేత బంగారు రంగు, బాదం పప్పును తలపించే ఒక వాసన, నాలుక మీద సన్నటి ఉప్పదనం వస్తాయి. తర్వాత కెమొమైల్ పూలు, చేదు నారింజ తొక్క, జాజికాయ, ధనియాల వంటి ఇరవై దాకా దినుసులు అందులో నానతాయి. ఆల్కహాల్ 18 శాతం.

కొనేటప్పుడు లేబుల్ సరిగ్గా చదవండి. అమెరికాలో చాలాకాలం ఇంతకన్నా తేలికైన, రంగు తక్కువున్న రకం అమ్మేవారు. 2009లో దాన్ని ఆపి యూరప్ రకాన్ని తెచ్చారు. బార్టెండర్లు ఒప్పుకోకపోవడంతో తేలిక రకం ఎక్స్‌ట్రా డ్రై పేరుతో తిరిగొచ్చింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ళకి షెల్ఫ్ మీద ఈ రెండిట్లో ఏదైనా కనబడవచ్చు. ఎక్స్‌ట్రా డ్రై జిన్ వెనక ఒదిగి ఉంటుంది, ఒరిజినల్ డ్రై జిన్‌తో సమానంగా మాట్లాడుతుంది. 375 మి.లీ. సీసా దొరికితే అదే తీసుకోండి. హైదరాబాద్, విజయవాడల్లో మామూలు వైన్స్ షాపుల్లో డ్రై వెర్మూత్ కోసం వెతకడం కన్నా విమానాశ్రయం డ్యూటీ ఫ్రీలో చూడటం మేలు.

ఇక పాళ్ళు. జిన్ 60 మి.లీ., అంటే పెద్ద పెగ్గు. వెర్మూత్ 15 మి.లీ., అంటే కొలత చెంచా సెట్‌లోని ఒక టేబుల్ స్పూను. ఆరెంజ్ బిటర్స్ (నారింజ తొక్క వాసనున్న చేదు సారం) ఉంటే ఒక చుక్క. 43 శాతం జిన్‌తో ఈ మిశ్రమం 75 మి.లీ. వస్తుంది, బలం 38 శాతం. ఇలాగే తాగితే నోరు మండుతుంది. ఐస్ కరిగి 20 నుంచి 25 మి.లీ. నీళ్ళు చేరాక బలం 30 శాతం దగ్గరికి దిగుతుంది, అప్పుడే జాజికాయ, నారింజ తొక్క వాసనలు పైకొస్తాయి. నీళ్ళు చేరితే రుచి చెడుతుందనుకోవద్దు, నీళ్ళు కూడా ఈ డ్రింకులో ఒక దినుసే.

కలిపే గ్లాసులో మూడింట రెండు వంతులు పెద్ద ఐస్ ముక్కలు వేసి, పొడవాటి స్పూనుతో 30 సెకన్లు నెమ్మదిగా తిప్పాలి. షేకర్‌లో గిలకొడితే గాలి బుడగలు, ఐస్ నలుసులు చేరి డ్రింక్ మసకబారుతుంది, వెర్మూత్‌లోని మెత్తదనం పోతుంది. ఐస్ ఫ్రీజర్‌లోంచి నేరుగా రావాలి. జిన్ కొలిచేదాకా బయట పెట్టిన ఐస్ పైన తడిసి ఉంటుంది, డ్రింక్ చల్లబడకముందే ఆ తడి అంతా అందులో కలుస్తుంది. సరిపోయిందో లేదో తెలియాలంటే వడకట్టాక ఒక్కసారి కొలత కప్పులో పోసి చూడండి. 95 నుంచి 100 మి.లీ. ఉంటే సరి. 85 దగ్గర ఆగితే మళ్ళీ ఐస్ మీద పోసి ఇంకాస్త తిప్పండి. 110 దాటితే ఐస్ తడిది. ట్రేకి మూత లేకపోతే ఫ్రిజ్‌లోని పులుసు వాసన ఐస్‌కి పడుతుంది. కోలా కలిపిన డ్రింకులో అది తెలియదు గానీ, మార్టినీలో మొదటి గుక్కకే తెలిసిపోతుంది.

గ్లాసు 150 మి.లీ. లోపుది చాలు, ముందే ఓ అరగంట ఫ్రీజర్‌లో ఉంచాలి. పైన నిమ్మ తొక్క వేసేవాళ్ళు మన పల్చటి తోలు నిమ్మకాయ జోలికి వెళ్ళొద్దు. తొక్క తీయబోతే రసం కారుతుంది, తెల్ల పొర చేదు దిగుతుంది. సూపర్ మార్కెట్‌లో దొరికే మందపు తోలు పసుపు లెమన్ కావాలి. రెండు వేళ్ళ వెడల్పు పట్టీ చెక్కి, పసుపు వైపు గ్లాసుకేసి పెట్టి వంచి నొక్కితే, డ్రింక్ మీద సన్నటి నూనె పొర పరుచుకోవడం వెలుతురులో కనిపిస్తుంది. ఈ వెర్మూత్‌లో నారింజ తొక్క ముందే ఉంది కాబట్టి ఆలివ్ కన్నా లెమన్ తొక్కే దీనికి బాగా కుదురుతుంది. ఆలివ్ కావాలంటే దాని ఉప్పునీరు పోయేలా కడిగి వేయండి, లేకపోతే వెర్మూత్‌లో ముందే ఉన్న ఉప్పదనానికి తోడై ఎక్కువవుతుంది.

జిన్ విషయానికొస్తే, జునిపర్ (జిన్‌కి అసలు వాసననిచ్చే కాయ) గట్టిగా ఉన్నవాటితోనే ఇది నిలబడుతుంది. టాంకరే, బీఫీటర్ బ్రహ్మాండంగా కుదురుతాయి. గోవాలో తయారయ్యే గ్రేటర్ దాన్ కూడా బాగుంటుంది, అందులోనూ కెమొమైల్ ఉంది. బాంబే సఫైర్ లాంటి తేలికపాటి జిన్‌కి 15 మి.లీ. ఎక్కువే, 10కి తగ్గించండి. గులాబీ, దోసకాయ వాసనలున్న హెండ్రిక్స్‌తో మాత్రం వద్దు, రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి.

దీనిలో మాకు నచ్చనిది ఒకటుంది. ఏడాది పాటు గాలి తగిలిన వైన్ కాబట్టి, సీసా పాడవడం మొదలైనా తొందరగా పట్టుబడదు. తేలికపాటి వెర్మూత్ పాడైతే వాసనే చెప్పేస్తుంది, ఇందులో ఆ వాసన మొదటి నుంచీ ఉన్న బాదం వాసన చాటున దాక్కుంటుంది. అందుకని తెరిచిన రోజు తేదీ సీసా మీద రాసిపెట్టండి. ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే ఉంచి, నెల లోపు వాడేయండి. పెద్ద సీసా అయితే తెరిచిన రోజే 200 మి.లీ. చిన్న సీసాల్లోకి మెడ దాకా నింపి మూతలు బిగించండి, లోపల గాలి లేకపోతే ఇంకొన్ని వారాలు నిలుస్తుంది. చల్లటి వెర్మూత్ ఒక చెంచా విడిగా రుచి చూడండి. పూల వాసన పోయి, రంగు ముదిరి, పులుపు ఒక్కటే మిగిలితే అది ఇక మార్టినీకి పనికిరాదు.

నలుగురు వచ్చే రోజున జిన్ 300, వెర్మూత్ 75, నీళ్ళు 50 మి.లీ. సీసాలో కలిపి ఫ్రీజర్‌లో పెట్టేయొచ్చు. అప్పుడు ఐస్‌తో తిప్పే పని లేదు, నేరుగా గ్లాసుల్లో పోయడమే. నీళ్ళు ఇంతకన్నా పెంచితే సీసాలో ఐస్ పలుకులు కడతాయి.

వాసన తగ్గిన వెర్మూత్‌ని పారబోయకండి. వెన్న, వెల్లుల్లిలో వేయించిన రొయ్యలు దించే ముందు ఒక పావు కప్పు పోసి, సగం ఇగిరేదాకా పెద్ద మంట మీద ఉంచండి. ఉప్పు మాత్రం ఆఖర్న రుచి చూసి వేయండి.