వేరుశనగ కూలీ, డిగ్రీ కుర్రాడు: ఎవరికి పని ఎందుకు లేదు?

అనంతపురం మెట్టపొలాల్లో జూన్-జూలైలో వేరుశనగ విత్తితే నాలుగు నెలల్లో చెట్లు పీకేస్తారు. చెట్ల నుంచి కాయలు తెంపడం కూడా అయ్యాక, రెండో పంటకు నీళ్లు లేక కూలీలు బెంగళూరుకు వలసపోతారు.

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే కుర్రాడికి అడ్డు వేరే: నోటిఫికేషన్ ఆలస్యం, ఆపై కోర్టు కేసు, ఈలోగా వయోపరిమితి దగ్గరపడుతుంది.

నిరుద్యోగ లెక్కల్లో ఎక్కువగా కనిపించేది ఇతనే. 2023-24 శ్రామికశక్తి సర్వేలో 15 ఏళ్లు, ఆపైవారిలో నిరుద్యోగం 3.2 శాతం, 15-29 ఏళ్లవారిలో 10.2. ఈ అంకెలు ఏడాది మొత్తాన్ని చూసే 'సాధారణ స్థితి' లెక్కవి; ఏడాదిలో 30 రోజులు పని దొరికినా అందులో ఉపాధి ఉన్నట్టే. కూలీ ఖాళీ నెలలు ఆ అంకెలోకి రావు. ఇది నిజంగా అన్యాయం. కూలీకి కావాల్సింది ఫారంపాండ్ (పొలంలో వాననీటి గుంట), చెరువు పూడికతీత, వేసవిలో ఊళ్లోనే పని. కుర్రాడికి తేదీ తప్పని జాబ్ క్యాలెండర్.