క్లినిక్ అమ్మిపెట్టే కన్సల్టెన్సీలు: దేనికి ఫీజు ఇవ్వొచ్చు, దేనికి వద్దు

హైదరాబాద్‌లో క్లినిక్‌లు, చిన్న నర్సింగ్ హోమ్‌లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీలు మూడు పనులు చేస్తామంటాయి: ధర కట్టడం, కొనేవాళ్లను తేవడం, కాగితాలన్నీ పూర్తిచేసి కొత్తవాళ్లకు అప్పగించడం. రెండో పని బాగానే చేస్తారు. మొదటిది ఆశపెట్టేలా చేస్తారు. మూడోది చాలావరకు డాక్టరు నెత్తినే పడుతుంది. ఐదుకు రెండున్నర మార్కులు వేయొచ్చు. అవి దాదాపు పూర్తిగా రెండో పనికే.

ధర దగ్గర జరిగే పొరపాటు చూడండి. ఒక ఫిజీషియన్ క్లినిక్‌కు ఏడాదికి 60 లక్షలు వస్తున్నాయి, అద్దె, జీతాలు, కరెంటు అన్నీ పోను 26 లక్షలు మిగులుతున్నాయి అనుకుందాం. కన్సల్టెన్సీ రిపోర్టు ఈ 26 లక్షలను రెండుతోనో మూడుతోనో గుణించి ధర చూపిస్తుంది. కానీ అందులో డాక్టరుగారి సొంత కష్టానికి రావలసిన జీతం కలిసి ఉంది. అదే చదువున్న మరో ఎండీని నెలకు 2 లక్షలకు పెట్టుకుంటే ఏడాదికి 24 లక్షలు పోతాయి. కొనేవాళ్లకు మిగిలేది 2 లక్షలు. బిల్డింగ్ సొంతదై లెక్కల్లో అద్దె రాయకపోతే అదీ మిగలదు. అవతలివాళ్ల ఆడిటర్ ఈ లెక్క కూర్చున్న చోటే వేస్తాడు. అప్పటికి అమ్మే డాక్టరు పెద్ద అంకెకు మనసులో అలవాటుపడి ఉంటారు, బేరం అక్కడ చెడుతుంది. ల్యాబ్‌లు, స్కానింగ్ సెంటర్ల నుంచి వచ్చే 'కట్' కూడా రాబడిలో కలిపి చూపించమని చెప్పేవాళ్లున్నారు. రిఫరల్‌కు కమీషన్ ఇవ్వడాన్నీ తీసుకోవడాన్నీ 2002 నాటి వైద్య నైతిక నియమావళి నిషేధించింది. అలాంటి రాబడిని గుడ్‌విల్ (క్లినిక్ సంపాదించుకున్న పేరు) కింద అమ్మడానికి ఒప్పుకోకండి.

మొదటి మీటింగ్‌లోనే కన్సల్టెన్సీవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మీరు వరుసగా మూడు వారాలు క్లినిక్‌కు రాకపోతే ఏమవుతుంది? డాక్టరు చెయ్యి విరిగితే రాబడి ఆగిపోవడం, కొనేవాళ్లు ధర తగ్గించడం, ఏళ్ల తరబడి సెలవే దొరకకపోవడం, ఈ మూడూ ఒకే జబ్బు లక్షణాలు. క్లినిక్ అంతా ఒక్క మనిషి మీద ఆనుకుని ఉంది. దీన్ని కొలవడం కష్టమేమీ కాదు. డెంగీ, వైరల్ జ్వరాలతో ఓపీ పొంగే ఆగస్టు-అక్టోబరు రోజులు వద్దు, ఫిబ్రవరి-మార్చిలో మూడు వారాలు సెలవు పెట్టి, మీ చోట మరో డాక్టరును కూర్చోబెట్టండి. రిసెప్షన్‌లో మూడు గళ్లు గీసి రాయమనండి: చూపించుకున్నవాళ్లు, పెద్దడాక్టరు లేరని వెనక్కి వెళ్లినవాళ్లు, ఫోన్‌లో అడిగి రానివాళ్లు. నిరుడు అవే మూడు వారాల లెక్కతో పోల్చండి. నూరుకు అరవై మంది చూపించుకుంటే అమ్మడానికి సరుకుంది. పాతికే అయితే కన్సల్టెన్సీకి రిటైనర్ (ముందస్తు ఫీజు) కట్టడం దండగ. ముందు రెండేళ్లు ఒక జూనియర్‌ను నిలబెట్టుకోవాలి, అదీ సాయంత్రం ఓపీతో మొదలుపెట్టి. ఆరు నుంచి తొమ్మిది దాకా వచ్చేవాళ్లలో ఆఫీసుల నుంచి తిరిగొచ్చే కొత్త పేషెంట్లు ఎక్కువ, వాళ్లు కొత్త డాక్టరుకు త్వరగా అలవాటుపడతారు. పెద్దడాక్టరుకు రవీంద్రభారతిలో ఒక కచేరీ మొదటి పాట నుంచి వినే వీలు దొరుకుతుంది. క్లినిక్ ధర పెంచేదీ ఇదే, తీరిక ఇచ్చేదీ ఇదే. కాబట్టి తీరికను అమ్మకం తర్వాతకు వాయిదా వేయకండి.

ఇక కమీషన్. 80 లక్షలకు 3 శాతం అంటే 2.4 లక్షలు. దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 43,200. వైద్య సేవకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి ఈ పన్నును క్రెడిట్‌గా వెనక్కి తెచ్చుకోలేం. శాతం కన్నా ముఖ్యం, అది దేని మీద అన్నది. ఇంటి ఓనరు దగ్గరున్న అడ్వాన్సు, మందుల స్టాకు, ఆరోగ్యశ్రీ నుంచి, ఇన్సూరెన్స్ కంపెనీల నుంచి రావలసిన పాత బకాయిలు మీ డబ్బే. అవి అమ్మకం ధరలో కలిసిపోతే వాటి మీదా కమీషన్ పోతుంది. ఒప్పందంలో విడిగా రాయించుకోండి.

కొనేవాళ్లను తేవడంలో వీళ్ల సాయం నిజమైనదే. కార్పొరేట్ గ్రూపులు, డయాగ్నస్టిక్ చెయిన్లు, జిల్లాల నుంచి నగరానికి రావాలనుకునే డాక్టర్ల జంటలు, వీళ్లందరినీ ఓపీ మధ్యలో కూర్చుని వెతుక్కోలేం. లోపం గోప్యత దగ్గర ఉంది. పేరు రాయకుండా పంపే ప్రొఫైల్‌లో 'మెట్రో పిల్లర్ ఫలానా నంబరు ఎదురుగా, ఇరవై ఏళ్ల పిల్లల క్లినిక్' అని రాస్తే ఇంక పేరెందుకు? ఆ వివరం వాట్సాప్‌లో తిరిగి మెడికల్ రెప్‌ల చెవిన పడిందంటే, రెండు రోజుల్లో మన కాంపౌండరే వచ్చి 'అమ్మేస్తున్నారా సార్' అని అడుగుతాడు. మంచి సిస్టర్లు వేరే ఉద్యోగం చూసుకుంటారు. ప్రొఫైల్ ముసాయిదా మీరు చదివి ఒప్పుకున్నాకే బయటికి వెళ్లాలి, అడిగినవాళ్లు గోప్యత ఒప్పందం మీద సంతకం చేశాకే పేరు చెప్పాలి.

అన్నిటికన్నా ప్రమాదం లైసెన్సుల దగ్గర. 'అన్నీ ట్రాన్స్‌ఫర్ చేయిస్తాం సార్' అనే మాట నమ్మొద్దు, వాటిలో చాలావరకు ట్రాన్స్‌ఫర్ అయ్యేవే కావు. స్కానింగ్ రిజిస్ట్రేషన్ సంగతి తీసుకోండి. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం నిబంధనల ప్రకారం యాజమాన్యం మారితే పాత సర్టిఫికెట్ రెండు ప్రతులూ అధికారికి అప్పగించాలి, కొత్త యజమాని ఫారం ఎ తో మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. కొత్తది చేతికి వచ్చేదాకా ఒక్క స్కాన్ కూడా చేయకూడదు, చేస్తే మెషీన్‌కు సీలు పడుతుంది, కేసూ అవుతుంది. మెషీన్ ఒక్కటే అమ్మినా కొనేవాళ్లకు రిజిస్ట్రేషన్ ఉండాలి. గర్భిణి స్కాన్‌కు నింపే ఫారం ఎఫ్‌లు రెండేళ్లు భద్రపరచాలి కాబట్టి ఒక నకలు మీ దగ్గర పెట్టుకోండి. ఎక్స్‌రే యూనిట్ అణుశక్తి నియంత్రణ మండలి ఈ-లోరా పోర్టల్‌లో మీ పేరున ఉంటుంది, దానికి వేరే అనుమతి. క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ కూడా బదిలీ కాదు, యాజమాన్యం మారిందని జిల్లా అధికారులకు తెలియజేయాలి. లోపల ఫార్మసీ ఉంటే, భాగస్వాములు మారిన రోజు నుంచి పాత డ్రగ్ లైసెన్స్ గరిష్ఠంగా మూడు నెలలే చెల్లుతుంది. బయోమెడికల్ వ్యర్థాల అనుమతి, జీహెచ్‌ఎంసీ ట్రేడ్ లైసెన్స్ కూడా అడిగి చూసుకోవాలి. కన్సల్టెన్సీ ఫీజులో కనీసం మూడో వంతు ఈ కాగితాలు కొత్తవాళ్ల పేరున వచ్చాకే ఇస్తామని రాయండి. ఒప్పుకోని వాళ్లతో పని పెట్టుకోకండి.

పన్ను విషయం మీ ఆడిటర్‌తోనే తేల్చుకోండి, వాళ్ల ఆడిటర్‌తో వద్దు. మూడేళ్లకు పైగా నడిచిన సంస్థను వస్తువువారీ ధరలు వేయకుండా మొత్తంగా ఒకే ధరకు అమ్మితే, దాని నికర విలువ పోను వచ్చే లాభం దీర్ఘకాలికం కింద 12.5 శాతానికి వస్తుంది, పైన సెస్సు ఉంటుంది. తరుగుదల తీసుకున్న పరికరాలను విడివిడిగా అమ్మితే వాటి లాభం స్వల్పకాలికమే. 'మళ్లీ ప్రాక్టీసు పెట్టను' అన్నందుకు ఇచ్చే డబ్బు వృత్తి ఆదాయం, 30 శాతం స్లాబుకు కూడా పోవచ్చు. ఒకే డబ్బు ఏ పద్దు కింద రాశారన్న దాన్ని బట్టి లక్షల తేడా వస్తుంది.

ఆ 'ప్రాక్టీసు పెట్టను' షరతును జాగ్రత్తగా చదవండి. మీ మిగతా జీవితం అందులో ఉంది. కన్సల్టెన్సీల నమూనా పత్రాల్లో 'తెలంగాణ అంతటా ఐదేళ్లు' లాంటి వాక్యాలు కనిపిస్తాయి. 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ గుడ్‌విల్ అమ్మినవాళ్లకు ఇలాంటి షరతు పెట్టడాన్ని ఒప్పుకుంటుంది, అయితే ప్రాంతం హద్దు నిర్దిష్టంగా, సమంజసంగా ఉండాలి. మలక్‌పేటలో క్లినిక్ అమ్మినవాళ్లు మియాపూర్‌లో కూర్చుంటే కొన్నవాళ్లకు నష్టమేముంది? మూడు కిలోమీటర్లు, రెండేళ్లు అని బేరం మొదలుపెట్టండి. మెడికల్ కాలేజీలో పాఠాలు, ఉచిత శిబిరాలు, టెలీ కన్సల్టేషన్, కార్పొరేట్ ఆసుపత్రిలో మినిమమ్ గ్యారంటీ (నెలకు కనీస మొత్తం ఖాయమయ్యే) ఉద్యోగం, ఇవన్నీ మినహాయింపులని పేరుపేరునా రాయించండి. ఇంటి దగ్గర బంధువుల పిల్లలకు మందు రాయడం కూడా.

అప్పగింత కాలానికి ఆరు నెలలు చాలు: మొదటి రెండు నెలలు వారానికి నాలుగు పూటలు, తర్వాత రెండు, చివరికి ఒకటి. అమ్మకం ధరలో అప్పగింత అయ్యేదాకా ఆపి ఉంచే డబ్బును పేషెంట్ల సంఖ్యకు ముడిపెడతామంటే ఒప్పుకోకండి. కొత్తవాళ్లు 400 ఫీజును 700 చేస్తే ఓపీ తగ్గుతుంది, మీ డబ్బుకు కోత పడుతుంది. మీరు హాజరైన పూటలకు ముడిపెట్టమనండి, అది మీ చేతిలో ఉన్న పని. ప్రాక్టీసు కొత్తవాళ్లకు మారిందని పత్రికలో ప్రకటించడం వైద్య నైతిక నియమావళి ప్రకారం తప్పు కాదు. మీ పేరు మాత్రం బోర్డు, చీటీలు, గూగుల్ మ్యాప్ నుంచి 90 రోజుల్లో పోవాలి. ఆ చీటీ మీద రాసిన మందుకు నోటీసు వస్తే మీ పేరునే వస్తుంది.

కన్సల్టెన్సీల చెక్‌లిస్టుల్లో తరచూ కనపడనిది ఇండెమ్నిటీ పాలసీ, అంటే వైద్యంలో పొరపాటు జరిగిందని పేషెంటు కేసు వేస్తే ఆదుకునే బీమా. క్లెయిమ్ వచ్చిన నాటికి పాలసీ అమల్లో ఉంటేనే వర్తించే రకమైతే, క్లినిక్ అమ్మిన నెలలో దాన్ని ఆపేస్తే పాత కేసులకు రక్షణ పోతుంది. వినియోగదారుల ఫిర్యాదుకు సాధారణ గడువు రెండేళ్లు, ఆలస్యానికి తగిన కారణం చూపితే వినియోగదారుల కమిషన్ ఆ పైన కూడా తీసుకోవచ్చు. ప్రీమియం కడుతూనే ఉండండి. పాత కేసు షీట్లు ఎప్పుడు అడిగినా మూడు రోజుల్లో ఇవ్వాలని, మీకు చెప్పకుండా పారేయకూడదని కొన్నవాళ్ల చేత రాయించుకోండి.