పెట్రోల్ జనరేటర్: అనంతపురంలోని మా ఇంట్లో కొన్నేళ్ల వాడకం తర్వాత

మా అమ్మకు ఊపిరితిత్తుల జబ్బు ఉన్నందున ఇంట్లో, గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే ఐదు లీటర్ల ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ నడుస్తూ ఉంటుంది. దానికి సుమారు 350 వాట్లు కావాలి. 150 ఏహెచ్ బ్యాటరీ ఒక్కటే ఉన్న ఇన్వర్టర్ మీద, రెండు ఫ్యాన్లు కూడా తిరుగుతుంటే, మూడు గంటలు నిలవడమే గొప్ప. గాలివానకు చెట్లు తీగల మీద పడిన రాత్రి కరెంటు ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు కనుక 2.5 కెవిఎ పెట్రోల్ జనరేటర్ తీసుకున్నాము.

యంత్రం గురించి ఫిర్యాదులు తక్కువే. అసలు సామర్థ్యం రెండు కిలోవాట్ల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి కాన్సన్‌ట్రేటర్, ఫ్రిజ్, లైట్లు, ఫ్యాన్లు సులువుగా నడుస్తాయి. బోరు మోటారును మాత్రం దీనికి కలపలేదు. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లే అయినా, మోటారు లేచేటప్పుడు ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. శబ్దం ఎక్కువ, తాడు లాగి స్టార్ట్ చేయడం పెద్దవాళ్లకు కష్టం.

కొనేవారు యంత్రం కంటే ముందు ఆలోచించవలసింది ఇంటి వైరింగును వీధి కరెంటుకో జనరేటర్‌కో, ఒకసారి ఒక్కదానికే కలిపే చేంజోవర్ స్విచ్ గురించి. రెండు వైపులా ప్లగ్గులు బిగించిన వైరుతో జనరేటర్‌ను గోడ సాకెట్టుకు కలిపే పద్ధతి ఎంత ఘోరమైనదో చాలామందికి తెలియదు. మెయిన్ ఆఫ్ చేయడం ఒక్కసారి మరిచిపోతే చాలు, ఆ కరెంటు మీటరు దాటి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు వెళ్తుంది. 11,000 వోల్టులను మన ఇళ్లకు తగ్గించి ఇచ్చే ఆ ట్రాన్స్‌ఫార్మరే వెనుక నుంచి వచ్చిన 230 వోల్టులను తిరిగి 11,000 వైపు పెంచుతుంది. లైను చచ్చిందని నమ్మి స్తంభం ఎక్కిన లైన్‌మెన్ ప్రాణం అక్కడ పోతుంది. మేము మీటరు తర్వాత రెండు పోల్‌ల చేంజోవర్ పెట్టించాము. అది ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి తెంచుతుంది, మధ్యలో ఆఫ్ స్థానం ఉంటుంది, రెండు సరఫరాలు ఏ విధంగానూ కలవవు. దీనిపై బేరమాడకండి.

ఎర్తింగ్ విషయంలో పనివాళ్లు సాధారణంగా వదిలేసే అంశం ఒకటి ఉంది. చిన్న జనరేటర్లలో న్యూట్రల్ చాలావరకు దేనికీ కలపకుండా వస్తుంది. అలా ఉంటే ఫేజు తీగ ఇనుప బాడీకి తగిలినా ఇంట్లో, కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సరఫరాను తెంచే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పడిపోదు. టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం పడుతుంది, ఎందుకంటే ఆ పరీక్షకు ఎర్త్‌తో పని లేదు. అందుకే తయారీదారు సూచనలు చూసి, మా ఎలక్ట్రీషియన్ చేత జనరేటర్ దగ్గరే న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపించాము, వేరుగా ఎర్త్ గుంత తీయించాము. మా ఎర్రనేల వేసవిలో పూర్తిగా ఎండిపోతుంది కాబట్టి ఆ గుంతలో తరచూ నీళ్లు పోయవలసి వస్తుంది.

పొగ గురించి నాకున్న భయం ఇంకా తగ్గలేదు, తగ్గకూడదు కూడా. ఆ పొగలో ఉండే ప్రాణాంతక విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. వసారాలో పెట్టి తలుపులు తెరిచి ఉంచినంత మాత్రాన అది ఇంట్లోకి రాకుండా ఉండదు. పైగా కాన్సన్‌ట్రేటర్ గదిలోని గాలినే పీల్చుకుంటుంది. కిటికీలకు ఇరవై అడుగుల దూరంలో, పెరట్లో తూర్పు మూలన, నాలుగు వైపులా తెరిచి ఉన్న రేకు కింద దాన్ని ఉంచాము. ఆషాఢంలో ఇక్కడ వీచే పడమటి గాలి పొగను ఇంటికి దూరంగా తీసుకుపోతుంది. అక్టోబరు, నవంబరుల్లో గాలి తూర్పుకు తిరిగినప్పుడు చక్రాల మీద దాన్ని పడమటి వైపుకు జరుపుతాము. అందుకోసమే పొడవైన, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ తీసుకున్నాము. అమ్మ గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఉంది.

నిర్వహణ పెద్ద పనేమీ కాదు. దుమ్ము వల్ల ఎయిర్ ఫిల్టర్‌ను పుస్తకంలో చెప్పినదానికంటే ముందే శుభ్రం చేయాలి. నూరు గంటలకొకసారి ఆయిల్ మార్చాలి. వాడని నెలల్లో కార్బ్యురేటర్‌లోని పెట్రోలు తీసేయాలి. ఇంజన్ ఆపి, చల్లారాకనే పెట్రోలు పోయాలి. రాత్రి చీకట్లో తొందరపడే అవసరం రాకుండా సాయంత్రమే ట్యాంకు చూసుకుంటాము.

ఖాళీ పెరడు ఉన్నవారికి ఈ యంత్రాన్ని ధైర్యంగా సిఫారసు చేస్తాను. అపార్టుమెంటులో ఉంటూ బాల్కనీలో పెట్టుకోవాలనుకునేవారు మాత్రం దీన్ని కొనవద్దు. ఆ డబ్బుతో ఇన్వర్టర్‌కు రెండో బ్యాటరీ, కాన్సన్‌ట్రేటర్ వాడేవారైతే దానితోపాటు నిండు ఆక్సిజన్ సిలిండరు సిద్ధం చేసుకోవడం మంచిది.