మస్కట్ తుపాకులు: పడవలో పట్టాలా, ఒంటె మీదా?
1910 ప్రాంతంలో మస్కట్ రైఫిళ్లు పడవల్లో మక్రాన్ తీరానికి (ఇప్పటి ఇరాన్, పాకిస్తాన్‌ల దక్షిణ తీరం), అక్కడి నుంచి ఒంటెల మీద అఫ్ఘాన్ సరిహద్దుకు చేరేవి. వాటిని పట్టుకోడానికి బ్రిటిష్ వాళ్లు సముద్రంలోనూ ఎడారిలోనూ, రెండు చోట్లా కాపు కాశారు.

ఎడారి కాపలా నాకు వృథా ప్రయాసే అనిపిస్తుంది. ఒక్క నీటి గుంట దగ్గర సిపాయిలు కూర్చుంటే, దారి తెలిసిన బిడారు రాత్రికి రాత్రే ఇంకో లోయలోంచి జారుకుంటుంది.

సముద్రం నయం. తుపాకులు ఒమన్ అఖాతం దాటక తప్పదు కాబట్టి, యుద్ధనౌకలు పడవల్ని ఆపి అడుగున సరుకంతా తడిమి చూసేవి. కానీ ఆ వేట ఒడ్డుకూ ఎక్కింది. 1910 డిసెంబరులో బ్రిటిష్ యుద్ధనౌక హయసింత్ మనుషులు దుబాయ్‌లో ఇళ్లు సోదా చేయబోతే కాల్పులు జరిగి 30 మందికి పైగా అరబ్బులు చనిపోయారు. ఎంత ఘోరం! వ్యాపారానికి అసలు దెబ్బ 1912లో తగిలింది, మస్కట్ సుల్తాను ఆయుధాలన్నీ ఒకే గోదాములో పెట్టించి, లైసెన్సు ఉంటేనే బయటికి వదలడంతో.