తాళ్ల వంతెనా, ఒడ్డు అడవా?

బోర్నియో దీవిలో కినబటాంగన్ నది వెంట పామాయిల్ తోటల కోసం అడవిని నరికివేయడంతో, రాత్రిళ్లు నీటి పక్క చెట్లపైనే నిద్రించే పొడవు ముక్కు కోతులు, అంతరించే ముప్పున్న ఒరాంగుటాన్లు మిగిలిన అడవి ముక్కల్లో చిక్కుకుపోయాయి. అక్కడి ఉపనదులపై కట్టిన తాళ్ల వంతెనలను ఒరాంగుటాన్లు దాటాయి. కానీ వంతెన దారి చూపుతుందే గాని తిండి పెట్టదు.

ఒడ్డు అడవి పెరగడానికి ఏళ్లు పడుతుంది. అయినా మన దిండి వాగు గట్లపైన, అమ్రాబాద్ అడవి వైపు కృష్ణ ఒడ్డున అదే మేలని నా గట్టి అభిప్రాయం. కాండానికే గుత్తులుగా కాసే మేడి పండ్లు, నేరేడు పండ్లు కొండముచ్చుల కడుపు నింపుతాయి, తెల్లమద్ది వేళ్లు గట్టు కోసుకుపోకుండా పట్టి ఉంచుతాయి. నీలగిరి (యూకలిప్టస్) చెట్ల వరుసల్లో కొండముచ్చులకు పండు దొరకదు. శ్రీశైలం రోడ్డు అడవిని చీల్చిన చోట్ల మాత్రం, రెండు వైపుల కొమ్మలు కలిసేదాకా, వంతెనే ముందు కట్టాలి.