ఆరు కాళ్ల సిమ్యులేటర్‌తో మూడేళ్లు: ఊపడం సరే, ఆపడం సంగతి చెప్తా

భీమవరంలో మాకు చిన్న గేమింగ్ షాపు ఉందండి. 2022 సంక్రాంతికి ముందు సెకండ్ హ్యాండ్‌లో ఒక మోషన్ సిమ్యులేటర్ కొన్నాం, కారుకీ విమానానికీ ఒకటే సీటు, స్టీరింగ్ ఊడదీసి జాయ్‌స్టిక్ బిగించుకోవడమే. కింద ఆరు కాళ్లు, ఒక్కోదానికి ఒక సర్వో మోటరు (చెప్పినంతే కచ్చితంగా తిరిగే రకం), అవి సాగుతూ ముడుచుకుంటూ సీటుని ఎటు కావాలంటే అటు ఊపుతాయి. స్టీవర్ట్ ప్లాట్‌ఫామ్ అంటారు, 1965లో స్టీవర్ట్ అనే ఆయన రాసిన పేపర్ వల్ల ఆ పేరు నిలిచింది గానీ అంతకుముందే గాఫ్ అనే ఇంజనీరు డన్‌లప్‌లో టైర్లు పరీక్షించడానికి ఇలాంటిదే కట్టాడు. సరే అది వదిలేయండి. ఇన్నాళ్లలో గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని బొమ్మలు) ఎంత అని అడిగినోళ్లే గానీ ఇది ఎలా ఆగుద్ది అని ఒక్కరూ అడగలేదు. కొనేటప్పుడు నేనూ అడగలేదు, అందుకే రాస్తున్నా.

మా వైపు కరెంటు సంగతి తెలిసిందే కదా, చెరువులో గాలి కలిపే ఏరియేటర్ ఆగితే రొయ్య చచ్చి తేలిపోద్దని రైతు జనరేటర్ పక్కనే మంచం వేసుకు పడుకునే ఊళ్లు ఇవి. కొన్న మొదటి నెలలోనే ఓ ఇంటర్ కుర్రాడు టేకాఫ్‌లో ఉండగా కరెంటు పోయింది, సీటు ముక్కు పైకెత్తి అలాగే బిగుసుకుపోయింది. నా గుండె జారింది గానీ సీటు మాత్రం జారలేదు. ఎందుకంటే మోటర్లకి స్ప్రింగు బ్రేకులున్నాయి, కరెంటు ఉన్నంతసేపే అవి తెరుచుకుంటాయి, పోయిన క్షణంలో స్ప్రింగు పట్టేస్తుంది. బ్రేకుల్లేని రకమైతే కాళ్లని సాగదీసే మరలు, అదే బాల్ స్క్రూలు, బరువుకి వెనక్కి తిరిగి మొత్తం కూలబడుద్ది. కొనే ముందు ఇది తప్పకుండా చూసుకోండి: సీట్లో రెండు బియ్యం బస్తాలు వేయించి, పైకి లేపించి, మెయిన్ స్విచ్ కట్టేయించండి. ఖాళీ సీటుతో చూపిస్తే ఒప్పుకోవద్దు. ఆ కుర్రాణ్ణి మేం స్టూలేసి దింపాం, వాడు దిగే దాకా వీడియో తీసుకుంటూనే ఉన్నాడు.

తర్వాత మోటర్లని నడిపే డ్రైవులకి కూడా సరిపోయే పెద్ద యూపీఎస్ పెట్టించా, ఖర్చు బాగానే తగిలింది. ఇప్పుడు కరెంటు పోతే సీటు మెల్లగా అడుక్కి దిగి అప్పుడు పవర్ ఆఫ్ అవుతుంది. అలా నెమ్మదిగా ఆపి తర్వాత కరెంటు తీసేయడాన్ని స్టాప్ కేటగిరీ 1 అంటారు, ఉన్నపళంగా కోసేయడం కేటగిరీ 0. ఎమర్జెన్సీలో నొక్కే ఎర్ర బటన్‌కి, మిషన్ల కరెంటు భద్రతకి ఉన్న ఐఈసీ 60204-1 ప్రమాణం ప్రకారం ఈ రెండిట్లో ఏదైనా పెట్టొచ్చు, మాకు అమ్మినోళ్లు 0 పెట్టి ఇచ్చారు, నొక్కితే మెడ పట్టేసేది. టెక్నీషియన్‌ని పిలిపించి 1కి మార్పించా. బటన్ మళ్లీ పైకి లాగినంత మాత్రాన సీటు కదలదు, విడిగా రీసెట్ తాళం తిప్పాలి. ఆ తాళం నా మొలతాడుకి తప్ప ఇంకెక్కడా ఉండదు.

ఇక లైట్ కర్టెన్. కనపడని ఇన్‌ఫ్రారెడ్ గీతలు వరసగా ఉంటాయి, ఎవరైనా అడ్డం వస్తే ఆగిపోద్ది. దీన్ని మాకు సీటుకి అడుగున్నర దూరంలో బిగించి వెళ్లిపోయారు. ఫోన్ స్లో మోషన్లో తీసి చూస్తే గీత తెగినప్పట్నించీ సీటు పూర్తిగా ఆగేసరికి అర సెకను పడుతోంది. మనిషి నడక సెకనుకి 1.6 మీటర్లని ఐఎస్‌ఓ 13855 అనే సేఫ్టీ ప్రమాణంలో లెక్క, అంటే అర సెకనులో 0.8 మీటర్లు లోపలికి వచ్చేస్తాడు, పైన చెయ్యి చాపే దూరం కూడా కలుపుకోవాలి. నాలుగడుగులు వెనక్కి జరిపేసరికి రెండు కన్సోళ్ల జాగా పోయింది, నాన్నగారు నెల రోజులు సాధించారు. ఆ తర్వాత వచ్చిన సంక్రాంతికి ఒక మామ్మగారు, మనవడికి కళ్లు తిరుగుతున్నాయేమోనని నిమ్మకాయ పట్టుకుని తిన్నగా నడిచొచ్చేశారండి, మా కుర్రాడు అరిచేలోపే సీటు ఆగిపోయింది. "నేనేం చేశాన్రా, మీ బండే చెడిపోయింది" అని ఆవిడే మమ్మల్ని కేకలేశారు. నాన్నగారు ఆ రోజు నుంచి కన్సోళ్ల ఊసెత్తలేదు.

ఇప్పుడు నా తప్పు కూడా చెప్పేస్తా. వర్షాకాలం సాయంత్రాలు వరిచేల పురుగులన్నీ మా ట్యూబ్‌లైటు దగ్గరే, గుంపుగా లెన్సుల మీద వాలి గీతలు తెంచేస్తున్నాయి. ఒక్క రాత్రిలో 10 సార్లు ఆగితే కస్టమర్లు డబ్బులు వెనక్కి అడిగారు. ఫోన్లో సర్వీసాయన్ని అడిగితే కర్టెన్ ఇన్‌పుట్‌కి వైరు ముక్క కలిపేయమన్నాడు, అంటే గీత తెగినా మిషన్‌కి తెలియకుండా చేసేయడం, కలిపేశా. రెండు రోజులు అలాగే నడిపా. మూడో రోజు ఓ పిల్లోడి చెప్పు సీటు కింద దొరికింది, ఎప్పుడు వెళ్లిందో తెలీదు, చెప్పు వెళ్లిందంటే కాలూ వెళ్లినట్టే కదా. ఆ వైరు పీకి పారేసి, ట్యూబ్‌లైటుని వరండా చివరికి మార్చి అక్కడ వెలుగు పెట్టా, లోపల పసుపు బల్బేశా. పురుగులు చాలా మట్టుకి అటే పోయాయి. ఇంత చవగ్గా తేలే పనికి వైరు ముక్క కలిపానా అని ఇప్పటికీ సిగ్గే.

ఇంకో గోల ఉప్పు గాలి, రెండో ఏడు ఉన్నట్టుండి మిషన్ రీసెట్ అవ్వడం మానేసింది, రెండు రోజులు గిరాకీ పోయింది. ఎర్ర బటన్ లోపల రెండు కాంటాక్టులుంటాయి, ఒకటి చిలుమెక్కి సరిగ్గా కలవట్లేదు, రెండూ ఒకేలా చెప్పకపోతే, బటన్ మాట విని మిషన్‌ని ఆపే సేఫ్టీ రిలే నమ్మదు, బిగుసుకు కూర్చుంటుంది. అప్పుడు బూతులు తిట్టుకున్నా గానీ దాని పని అది చేసింది పాపం. సీటు బెల్టు స్విచ్ మాత్రం దండగమారిది. బకిల్ పడిందా లేదా అనేదే దానికి తెలుసు, మనోళ్లు ముందే బకిల్ పెట్టేసి దాని మీద కూర్చుంటారు. మనమే వెళ్లి లాగి చూడాలి.

రోబో చెయ్యి చివర సీటు బిగించే రకం కొనొచ్చా అని ఒకాయన అడిగాడు. కూకా రోబోకోస్టర్ లాంటివి. తలకిందులు కూడా చేస్తాయి కాబట్టి భుజాల మీంచి దిగే బారు, చుట్టూ కంచె, గేటు తీస్తే ఆగిపోయే లాక్ అన్నీ ఉండాలి, మన షట్టర్ షాపుల్లో ఆ జాగా ఎక్కడిదండీ.

ప్రతి నెలా ఒకటో తారీకు షట్టర్ సగం దించి బస్తాలతో టెస్టు చేస్తా. ఈ నెల యూపీఎస్ కూడా తప్పించి మెయిన్ కట్టేస్తే ఎడమ వెనక కాలు వేలెడంత జారింది. బ్రేకు అరిగింది, కొత్తది ఆర్డర్ పెట్టాం, వచ్చేదాకా సీటు మీద దుప్పటి కప్పేసి ఉంచా. పండగ దగ్గరికొచ్చేసింది, నాన్నగారు మళ్లీ మొదలెట్టారు.